గురి తప్పిన గుండులో స్కోప్ వాటా ఎంత?

వెయ్యి గజాల దూరంలో, అంటే 914 మీటర్ల అవతల, ఒక కాగితపు టార్గెట్. దానిమీద పది పాయింట్ల వలయం వ్యాసం 10 అంగుళాలు. దాని లోపల, స్కోర్లు సమానమైనప్పుడు విజేతను తేల్చడానికి గీసిన ఎక్స్ వలయం 5 అంగుళాలు. అమెరికాలో ఎఫ్-క్లాస్ రైఫిల్ పోటీలు ఈ కొలతల మీదే నడుస్తాయి. ఎఫ్ అన్నది కెనడా షూటర్ జార్జ్ ఫార్కర్సన్ పేరులోని అక్షరం. చూపు మందగించి, కీళ్లు మొరాయించి, చేతికి పట్టీ బిగించుకుని సన్నటి రంధ్రం గుండా గురిచూసే పాత పద్ధతిలో కాల్చలేని పెద్దవాళ్లు ఆటకు దూరం కాకూడదని, రైఫిల్‌కు స్కోప్‌నూ ముందువైపు ఆసరానూ అనుమతిస్తూ ఆయన మొదలుపెట్టిన విభాగమిది. అలా కంటికి సాయంగా వచ్చిన స్కోప్ ఇప్పుడు కొందరి దగ్గర రైఫిల్ కంటే ఖరీదైన వస్తువు. రెండు పోటీల్లో వరసగా స్కోరు తగ్గితే అనుమానం ముందు దాని మీదికే పోతుంది. మార్చాలా వద్దా అంటే అమ్మేవాళ్ల జవాబు ఎప్పుడూ ఒకటే. భౌతికశాస్త్రాన్ని అడిగితే జవాబు కాస్త తేడాగా వస్తుంది: ఇంకా పెద్దగా, ఇంకా స్పష్టంగా చూడడానికి పెట్టే డబ్బు చాలామందికి దండగ, పెట్టిన చోట క్రాస్‌హెయిర్ (స్కోప్‌లో గురి చూపే అడ్డం, నిలువు గీతలు) కదలకుండా ఉండడానికి పెట్టే డబ్బు మాత్రం అవసరమైతే పెట్టి తీరాల్సిందే. ఈ రెంటికీ ఎందుకింత తేడా అన్నదే ఈ అధ్యాయం.

ముందు కొలత సంగతి. షూటర్లు దూరాన్ని కాక కోణాన్ని లెక్కవేస్తారు. ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే వచ్చే భాగాన్ని ఎంఓఏ అంటారు. వంద మీటర్ల దగ్గర అది 29 మిల్లీమీటర్లు, వెయ్యి గజాల దగ్గర దాదాపు పదిన్నర అంగుళాలు. కాబట్టి ఎఫ్-క్లాస్ పది వలయం ఇంచుమించు ఒక ఎంఓఏ, ఎక్స్ వలయం అందులో సగం. గుండు మధ్య నుంచి పక్కకు పోవడానికి కారణాలు అనేకం. బ్యారెల్, తూటాల్లోని హెచ్చుతగ్గులు కొంత. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు మనిషి కదలిక కొంత. గాలిని తప్పుగా అంచనా వేయడం కొంత. క్రాస్‌హెయిర్‌ను సరిగ్గా మధ్యలో పెట్టలేకపోవడం కొంత. వీటిలో చివరిదొక్కటే స్కోప్ స్పష్టతకు సంబంధించింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇలాంటి తప్పులు మామూలు కూడికలో కలవవు; వాటి వర్గాలు కలుస్తాయి, మొత్తానికి వర్గమూలం తీయాలి. లంబకోణ త్రిభుజంలో కర్ణం కట్టినట్టే. ఒక భుజం పొడవుగా, రెండోది పొట్టిగా ఉంటే కర్ణం పొడవాటి భుజం కంటే పెద్దగా పెరగదని బడిలో చదివిందే. ఇక్కడ దాని ఫలితం డబ్బులో తేలుతుంది.

ఉదాహరణకు అంకెలు వేసి చూద్దాం. ఓ మోస్తరు షూటర్‌కు రైఫిల్, తూటా, ఒంటి కదలిక కలిపి ప్రామాణిక విచలనం 0.3 ఎంఓఏ అనుకుందాం. గాలి అంచనాలో తప్పు 0.5. క్రాస్‌హెయిర్ నిలపడంలో తప్పు 0.1. అడ్డంగా చూస్తే మొత్తం చెదురు 0.592 అవుతుంది. ఇప్పుడు లోకంలో లేని పరిపూర్ణమైన స్కోప్ ఒకటి తెచ్చి, గురిపెట్టడంలో తప్పును సున్నా చేశామనుకుందాం. చెదురు 0.583కి దిగుతుంది. లాభం నూటికి ఒకటిన్నర కూడా లేదు. అదే షూటర్ పాత స్కోప్‌తోనే గాలిని చదవడం కాస్త నేర్చుకుని 0.5ను 0.4 చేసుకుంటే చెదురు 0.51కి వస్తుంది, లాభం 14 శాతం. గాలి తప్పు 0.5 అనడం అతిశయోక్తి కూడా కాదు. .308 విన్‌చెస్టర్ తూటాతో 155 గ్రెయిన్ల గుండు వెయ్యి గజాలు దాటడానికి ఒకటిన్నర సెకను పడుతుంది. ఆ లోపల గంటకు ఒక్క మైలు వేగంతో పక్క నుంచి వీచే గాలి దాన్ని 9 నుంచి 10 అంగుళాలు తోసేస్తుంది. ఒక మైలు వేగమంటే ఒంటికి తెలిసీ తెలియని గాలి. అందులో సగం తప్పు అంచనా వేసినా గుండు మధ్య నుంచి పది వలయం అంచుకు చేరిపోతుంది.

గురిపెట్టడంలో తప్పు 0.1 మాత్రమేనని ఎలా అనుకున్నామని ఎవరైనా అడగవచ్చు. మామూలు ఆరోగ్యమైన కన్ను విడదీసి చూడగలిగే కోణం దాదాపు ఒక ఎంఓఏ. పది రెట్ల స్కోప్ దాన్ని పదో వంతు చేస్తుంది. కానీ రెండు చుక్కల్ని విడదీసి చూడడం వేరు, ఒక గుండ్రటి వస్తువును మధ్యలో అమర్చడం వేరు. రెండో పనిలో కన్నూ మెదడూ కలిసి, విడదీసే హద్దుకు ఎన్నో రెట్లు సూక్ష్మంగా పనిచేస్తాయి. దీనికి మన హైదరాబాద్‌లోనే సాక్ష్యం ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 స్కోరుతో కాంస్యం గెలిచాడు. ఆ ఈవెంట్‌లో రైఫిల్‌పై దూరదర్శిని నిషేధం. పది మీటర్ల దూరంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. కోణంలో చెప్పాలంటే 0.17 ఎంఓఏ. కంటి హద్దులో ఆరో వంతు. గురిపెట్టే చోటు నుంచి ఆ చుక్క అసలు కనిపించదు. షూటర్‌కు కనిపించేది 30.5 మిల్లీమీటర్ల నల్లటి వృత్తం, దాని చుట్టూ ముందు సైట్ వలయం, మధ్యలో సమానంగా తెల్లటి సందు. ఆ సందు అన్ని వైపులా ఒకే మందంలో ఉందా లేదా అన్నది కన్ను అద్భుతంగా పట్టేస్తుంది. కనిపించని చుక్కను వందల మంది షూటర్లు ఏటా కొడుతూనే ఉన్నారు. రైఫిల్‌ను బల్ల మీద ఆసరాపై ఉంచి కాల్చే అమెరికా బెంచ్‌రెస్ట్ పోటీల్లో హంటర్ క్లాస్ అని ఒకటుంది. అందులో స్కోప్ 6 రెట్లు మించకూడదు. ఆ ఆరు రెట్లతోనే వంద, రెండువందల గజాల దగ్గర పది తర్వాత పది కొట్టేవాళ్లున్నారు.

సరే, 10 రెట్లతో 0.1 అయితే 50 రెట్లతో 0.02 కావాలి కదా? కాదు. లెన్స్‌కూ ఒక హద్దుంది. కాంతి తరంగం కాబట్టి ఎంత బాగా సానపట్టిన గాజైనా చుక్కను చుక్కగా చూపలేదు, చిన్న బిళ్లగా చూపుతుంది. ఖగోళ పరిశీలకులు వాడే డాస్ సూత్రం ప్రకారం, 116ను మిల్లీమీటర్లలో లెన్స్ వ్యాసంతో భాగిస్తే విడదీయగల కోణం సెకన్లలో వస్తుంది (ఇక్కడ సెకను అంటే కాలం కాదు, ఎంఓఏలో అరవయ్యో వంతు కోణం). 50 మిల్లీమీటర్ల లెన్స్‌కు 2.3 సెకన్లు, 56 మిల్లీమీటర్లకు 2.1. కన్నుకు 60 సెకన్ల కోణం కావాలి. 60ని 2.3తో భాగించండి: 26. అంటే ఇరవయ్యారు రెట్ల దగ్గరే ఆ లెన్స్ ఇవ్వగలిగిన వివరమంతా కంటికి అందిపోతుంది. ఆపైన పెంచే ప్రతి రెట్టూ ఉన్న మసకనే సాగదీసి చూపుతుంది. మార్చ్ కంపెనీ చేసే 8–80 రెట్ల స్కోప్‌లో లెన్స్ 56 మిల్లీమీటర్లు. దాన్ని 80 దగ్గర పెడితే కంట్లోకి వచ్చే కాంతి కడ్డీ మందం 56ను 80తో భాగించినంత, 0.7 మిల్లీమీటర్లు. పట్టపగలు కూడా కనుపాప రెండు మిల్లీమీటర్లకు తక్కువ కాదు. ఇంత సన్నటి కాంతి పుంజం కంట్లో పడితే, నడివయసు దాటినవాళ్ల కంటిలోపల తేలే నలుసుల నీడలు టార్గెట్ మీదే పాకుతున్నట్టు కనిపిస్తాయి. ఎఫ్-క్లాస్ ఎవరి కోసం పుట్టిందో గుర్తుంటే ఇది చిన్న విషయం కాదు. అయితే హద్దు దాటిన రెట్లు పూర్తిగా వృథా అనలేం. కన్ను తన హద్దు అంచున పనిచేస్తే అలసిపోతుంది. 26 రెట్లు చాలినచోట 35, 40 పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. ఆ హాయి కోసం కొంటున్నామని తెలిసి కొంటే పేచీ లేదు.

పైగా ఇదంతా గాలి నిశ్చలంగా ఉన్నప్పటి లెక్క. నిజంగా స్పష్టతను కాజేసేది గాజు కాదు, టార్గెట్‌కూ లెన్స్‌కూ నడుమ ఉన్న కిలోమీటరు గాలి. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ మారితే గాలి వక్రీభవన గుణకం పదిలక్షల్లో ఒక వంతు మారుతుంది. ఒక్క వంతే కదా అనిపిస్తుంది. ఎండకు కాగిన నేల మీద వేడిగాలి బుడగలు వేలకొద్దీ ఆ దారిలో లేస్తుంటే, ఒక్కోటీ కొంచెం కొంచెంగా కాంతిని వంచుతూ పోతే, రెండు సెకన్లు విడదీయగల లెన్స్ ముందు బొమ్మ అంతకు ఎన్నో రెట్లు చెదిరిపోతుంది. వేసవి మధ్యాహ్నం తారురోడ్డు మీద కదిలే ఎండమావులు చూసిన ఎవరికైనా ఇది తెలిసిన దృశ్యమే. ఎండమావి లేచిన గంటల్లో 55 రెట్ల స్కోప్ ఉన్నవాళ్లు కూడా 25, 30కి దించుకుని కాలుస్తారు. పెద్ద డబ్బు పెట్టి కొన్న పై సగం ఆ పూట నిద్రపోతుంది. ఇక్కడ మంచి గాజు తరఫున ఒక న్యాయమైన వాదన ఉంది, దాన్ని కొట్టేయకూడదు: ఎండమావి పారే తీరు గాలి వేగాన్నీ దిక్కునూ చెబుతుంది, రంగు అంచులు లేకుండా తేటగా చూపే ఈడీ గాజు ఆ పారుదలను బాగా చూపుతుంది. అంటే గాజు లాభం గురిపెట్టే 0.1లో కాక గాలి తాలూకు 0.5లో చేరుతుంది. వాదన నిజమే. కానీ ఆ పని పక్కన మూడుకాళ్ల మీద నిలబెట్టిన స్పాటింగ్ స్కోప్ ఇంకా బాగా చేస్తుంది. దాని ఫోకస్‌ను టార్గెట్‌కు కాస్త ఇవతల పెట్టి గాలినే చూస్తూ ఉండవచ్చు. రైఫిల్ స్కోప్‌తో అలా చేస్తే గురి చెడుతుంది.

ఇక గాజును వదిలి లోపలి మరలోకి పోదాం. అసలు కథ అక్కడుంది. స్కోప్ పెద్ద గొట్టం లోపల ఇంకో చిన్న గొట్టం ఉంటుంది. తలకిందులైన బొమ్మను నిలబెట్టే లెన్సులు అందులో ఉంటాయి. అది వెనకవైపు ఇరుసు మీద ఊగేలా బిగించి ఉంటుంది. పైనుంచి ఒక మర, పక్కనుంచి ఒక మర దాని ముందు కొసను నెడుతుంటాయి. వాటికి ఎదురుగా ఒక స్ప్రింగు దాన్ని మరల మీదికి తోస్తూ ఉంటుంది. బయట టరెట్ అనే గుండ్రటి బిరడాను తిప్పితే టక్కుమని వినిపించే క్లిక్కు, ఆ మర కొద్దిగా ముందుకో వెనక్కో జరిగిన చప్పుడు. ఎంత కొద్దిగా? ముందు లెన్స్ నాభ్యంతరం 200 మిల్లీమీటర్లు అనుకుంటే, పావు ఎంఓఏ క్లిక్కుకు బొమ్మ జరగాల్సింది 0.015 మిల్లీమీటర్లలోపే. ఎఫ్-క్లాస్ స్కోప్‌లలో సాధారణమైన ఎనిమిదో వంతు క్లిక్కుకు అందులో సగం, అంటే తల వెంట్రుక మందంలో పదో వంతు. రైఫిల్ ప్రతిసారీ వెనక్కి తన్నినప్పుడు లోపలి గొట్టం స్ప్రింగును నొక్కి మళ్లీ సరిగ్గా అదే చోటికి వచ్చి కూర్చోవాలి. మర గాడిలో చిన్న గీత, స్ప్రింగులో కొద్దిపాటి అలసట, ఇరుసులో వెంట్రుకంత వదులు ఉన్నా చాలు. క్రాస్‌హెయిర్ పావు ఎంఓఏ పక్కన కూర్చుంటుంది. ఎక్స్ వలయం వ్యాసార్ధం కూడా ఇంచుమించు పావు ఎంఓఏనే. ఒక్క తన్నుకు గుళ్ల గుంపు నడిమి బిందువు ఎక్స్ వలయం అంచుకు జరిగిపోతుంది. బెంచ్‌రెస్ట్ షూటర్లకు ఈ భయం ఎంతదాకా ఉందంటే, కొందరు స్కోప్ లోపలి భాగాలను జిగురు పోసి శాశ్వతంగా కదలకుండా చేసి, సర్దుబాటు మొత్తం బయటి మౌంట్‌కు అప్పగించారు. క్లిక్కుల కోసం డబ్బు పోసి కొన్న స్కోప్‌లో క్లిక్కుల్నే చంపేయడం వింతగానే ఉంటుంది, కానీ వాళ్ల లెక్క వాళ్లకుంది.

ఈ జారుడును ముందు వేసిన వర్గాల లెక్కలో కలిపి అదీ కరిగిపోతుందిలే అనుకోవడం పొరపాటు. ఆ లెక్క ప్రతి గుండుకూ కొత్తగా, విడిగా పుట్టే తప్పులకే వర్తిస్తుంది. కొట్టులో తక్కెడ ముల్లు ప్రతిసారీ అటూ ఇటూ ఊగితే పది తూకాల సగటు సరిపోతుంది. ముల్లే వంగి కూర్చుంటే వంద తూకాలు వేసినా సరిపోదు. జారిన క్రాస్‌హెయిర్ తర్వాతి గుళ్లన్నింటినీ ఒకే వైపుకు మోసుకుపోతుంది. ఎఫ్-క్లాస్‌లో ప్రతి గుండు తర్వాతా టార్గెట్‌ను దించి, తగిలిన చోట గుర్తు పెట్టి మళ్లీ పైకెత్తుతారు కదా, షూటర్ చూసి సరిచేసుకుంటాడు కదా అనే ఆక్షేపణ వస్తుంది. సరిచేసుకుంటాడు. చిక్కంతా ఆ సరిచేసుకోవడంలోనే ఉంది. గుండు పావు ఎంఓఏ కుడికి పడితే అతనికి తోచే కారణం గాలి. జెండా ఏమీ మారలేదే అనుకుంటూనే, తన కన్ను ఏదో చూడలేదని తీర్మానించుకుంటాడు. మళ్లీ ఎప్పుడో ఆ జెండా అలాగే ఉన్నప్పుడు ఈ తప్పు పాఠాన్ని గుర్తుచేసుకుని ఎడమకు సరిచేస్తాడు. అప్పటికి క్రాస్‌హెయిర్ వెనక్కి వచ్చి ఉంటుంది. స్కోప్ జారుడు గాలి వేషం వేసుకుని వస్తుంది. దానివల్ల ఆ రోజు పోయే రెండు పాయింట్ల కంటే పెద్ద నష్టం, పెద్ద భుజమైన గాలి అంచనాను తగ్గించుకునే చదువే కలుషితం కావడం. చవక స్కోప్‌ను నిజంగా ఖరీదైనదిగా చేసేది ఇదే.

మరల్లో ఇంకో రకం తప్పు కూడా ఉంది, దాన్ని జారుడుతో కలిపేయకూడదు. టరెట్ మీద 30 ఎంఓఏ తిప్పితే నిజంగా 29.4 మాత్రమే జరిగే స్కోప్‌లు ఉంటాయి. దీన్ని ఇంట్లోవాళ్ల సాయంతోనైనా కొలవవచ్చు. తాడుకు బరువు కట్టి వేలాడదీసి, దాని పక్కన పొడవైన కాగితం మీద నిట్టనిలువు గీత గీయాలి. గీత కింది భాగంలో ఒక గుర్తు, దాని నుంచి సరిగ్గా ఒక మీటరు పైన ఇంకో గుర్తు పెట్టాలి. టేపుతో కొలిచిన వంద మీటర్ల దూరం నుంచి రైఫిల్‌ను కదలకుండా బిగించి, క్రాస్‌హెయిర్‌ను ఒక గుర్తు మీద పెట్టి 10 మిల్లీరేడియన్లు (వంద మీటర్ల దగ్గర ఒక మీటరుకు సరిపోయే కోణం) తిప్పితే అది సరిగ్గా రెండో గుర్తు మీద ఆగాలి. గీత వెంబడే నడిచిందా, పక్కకు ఒరిగిందా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. రెండు శాతం తక్కువ జరిగిందనుకుందాం. వంద గజాల సున్నా నుంచి వెయ్యి గజాలకు .308 రైఫిల్‌కు 30 ఎంఓఏ పైకి తిప్పాలి. అందులో రెండు శాతమంటే 0.6 ఎంఓఏ, ఆరంగుళాల పైమాటే. భయపడి వెంటనే స్కోప్ మార్చేయాలా? ఎఫ్-క్లాస్ ఆడేవాళ్లకు అక్కర్లేదు. దూరం ముందే తెలుసు, అది మారదు, లెక్కలోకి రాని సైటర్ గుళ్లు ముందుగా దొరుకుతాయి. రెండు శాతం తప్పు ప్రతిసారీ అదే రెండు శాతం అయితే సైటర్లతో సర్దుకుపోతుంది. ప్రెసిషన్ రైఫిల్ సిరీస్ లాంటి పోటీల్లో పరిస్థితి వేరు. అక్కడ ఒకే దఫాలో మూడు నాలుగు దూరాలకు టరెట్ తిప్పుతూ, సైటర్లు లేకుండా, ఉక్కు పలకల మీద మొదటి గుండుకే తగలాలి. వాళ్లకు కొలబద్ద నిజాయతీయే ప్రాణం. పెద్దగా చూపడం వాళ్లకు ఎంత తక్కువ అవసరమో తెలియాలంటే, పాతిక రెట్ల స్కోప్‌ను కూడా చాలామంది 12–18 మధ్యే ఉంచి కాల్చడం చూస్తే చాలు. ఒకే వస్తువు, ఒకే లోపం. ఆట మారితే తీర్పు మారింది.

కొనే ముందు తేల్చుకోవాల్సిన చిన్న ఖర్చులు ఇంకా ఉన్నాయి. టార్గెట్ బొమ్మ సరిగ్గా క్రాస్‌హెయిర్ ఉన్న తలంలో పడకపోతే, కన్ను పక్కకు జరిగినప్పుడల్లా గురి జరిగినట్టు కనిపిస్తుంది. దీన్నే పారలాక్స్ అంటారు. వంద గజాలకు శాశ్వతంగా అమర్చిన 40 మిల్లీమీటర్ల లెన్స్‌తో వెయ్యి గజాలకు గురిపెడితే, కన్ను కాంతి కడ్డీ అంచున ఉన్నప్పుడు తప్పు 180 మిల్లీమీటర్లదాకా, అంటే ఏడంగుళాలు ఉంటుంది. పక్కన ఫోకస్ చక్రం లేని స్కోప్‌తో దూరపు పోటీలకు దిగినవాళ్లు మార్చడమే మంచిది. ఇక్కడ వాదన అనవసరం. చక్రం ఉన్నా దానిమీద రాసిన అంకెను నమ్మి వదిలేసేవాళ్లు ఎక్కువ. రైఫిల్‌ను కదపకుండా తలను కొద్దిగా పైకీ కిందికీ ఊపి చూసి, క్రాస్‌హెయిర్ టార్గెట్‌కు అతుక్కుని ఉండేదాకా చక్రం తిప్పడం పైసా ఖర్చులేని అప్‌గ్రేడ్. రైఫిల్ ఒక డిగ్రీ పక్కకు ఒరిగితే, 30 ఎంఓఏ ఎత్తుతో కాలుస్తున్నప్పుడు గుండు అర ఎంఓఏ అటుపక్కకు పోతుంది. స్కోప్ గొట్టం మీద తగిలించే చిన్న స్పిరిట్ లెవెల్ దానికి మందు. స్కోప్‌ను పట్టుకునే మౌంట్ రింగుల స్క్రూలు, రైఫిల్ యంత్రభాగాన్ని స్టాక్‌కు బిగించే యాక్షన్ స్క్రూలు వదులైతే వచ్చే లక్షణాలు స్కోప్ జారుడు లక్షణాలే. టార్క్ రెంచితో బిగించి చూడకుండా స్కోప్ మీద నేరం మోపడం అన్యాయం.

ఇవన్నీ సరిచూశాక కూడా గుంపు నడిమి బిందువు ఊరికే తిరుగుతుంటే, అప్పుడు స్కోప్‌ను విచారించాలి. అందుకు మంచి పద్ధతి అదలాబదలీ. నమ్మకమైన స్కోప్ ఒకటి అరువు తెచ్చి మన రైఫిల్ మీద పెట్టాలి, మన స్కోప్‌ను బాగా కాలుతుందని తెలిసిన రైఫిల్ మీద పెట్టాలి. తిరుగుడు స్కోప్‌తోపాటు వెళ్లిపోతే దోషి దొరికినట్టే; రైఫిల్ దగ్గరే ఉండిపోతే బ్యారెల్‌నో స్టాక్‌నో తూటాలనో చూడాలి. బ్యారెల్ మూతికి తగిలించి, స్కోప్‌లోంచి చూస్తే గళ్లు కనిపించేలా చేసే కొలిమేటర్ ఉంటే పని ఇంకా తేలిక. కాల్చకముందు క్రాస్‌హెయిర్ గళ్ల మీద ఎక్కడుందో రాసుకుని, పది గుళ్లు కాల్చాక మళ్లీ చూడడం, టరెట్‌ను చివరిదాకా తిప్పి వెనక్కి తెచ్చి మళ్లీ చూడడం. ఇందులో మనిషి చేతి వణుకూ గాలీ లేవు, మర ఒక్కటే మాట్లాడుతుంది.

ఛాంపియన్లందరూ 50 రెట్ల పైబడిన స్కోప్‌లే వాడుతున్నారు, వాళ్లంతా పిచ్చివాళ్లా అని అడిగేవాళ్లకు జవాబు అదే వర్గాల లెక్కలో ఉంది. రైఫిల్, తూటా, ఒంటి కదలిక కలిపి 0.15కు తెచ్చుకుని, గాలి అంచనాను 0.2కు తగ్గించుకున్న మనిషికి గురిపెట్టే 0.1 చిన్న భుజం కాదు. అతని మొత్తం 0.27, ఆ 0.1 పోతే 0.25. లాభం ఏడు శాతం, అదీ ఎక్స్‌ల లెక్కతో గెలుపోటములు తేలే చోట. ఒకే స్కోప్ ఒకరికి ఒకటిన్నర శాతం, ఇంకొకరికి ఏడు శాతం ఇస్తోంది, స్కోప్‌లో ఏ తేడా లేకుండానే. ఛాంపియన్ ఆ స్కోప్ వల్ల అక్కడికి చేరలేదు. అక్కడికి చేరాక అతనికి అది అవసరమైంది. ఫోటోలు చూసి కొనేవాళ్లు ఈ వరసను తిరగేస్తుంటారు. పెద్ద రెట్లు మొదటి రోజు నుంచే అవసరమైన ఆట ఒకటుంది, దాన్ని మినహాయించాలి. ఫీల్డ్ టార్గెట్‌లో బలహీనమైన ఎయిర్ రైఫిల్‌తో, తెలియని దూరాల్లో పెట్టిన లోహపు బొమ్మల చిన్న రంధ్రంలోకి పెల్లెట్ పంపాలి. విడిగా దూరం కొలిచే పరికరం వాడకూడదు. రెట్లు పెరిగేకొద్దీ స్ఫుటంగా కనిపించే దూరపు పట్టీ సన్నబడుతుంది కాబట్టి, వాళ్లు స్కోప్ ఫోకస్ చక్రాన్నే దూరం కొలిచే సాధనంగా మార్చుకున్నారు. అక్కడ 50 రెట్లు గురి కోసం కాదు, కొలత కోసం.

ఎఫ్-క్లాస్ నిబంధనల్లో ఉన్న తూకం సంగతి కూడా కొనేవాళ్లు తరచూ మరిచిపోతారు. ఎఫ్-టీఆర్ విభాగంలో స్కోప్, బైపాడ్ కలిపి రైఫిల్ 8.25 కిలోలు దాటకూడదు. ఎఫ్-ఓపెన్‌లో 10 కిలోలు. స్కోప్‌లో చేరిన ప్రతి పావుకిలో బ్యారెల్ నుంచి తీయాల్సిందే. బరువైన బ్యారెల్ నిదానంగా వేడెక్కుతుంది, రైఫిల్ తక్కువగా తన్నుతుంది, అది 0.3 అనే భుజాన్ని తగ్గిస్తుంది. 0.1 కోసం 0.3ను పెంచుకుంటున్నామా అన్నది తక్కెడలో పెట్టి చూడాల్సిన ప్రశ్న. చివరగా, ఖరీదైన స్కోప్ ఇచ్చే ధైర్యం వల్ల బాగా కాల్చిన మాట నిజం కాదా అంటారు. కావచ్చు. అయితే ఆ బాగుపడడం స్కోప్ వల్లే వచ్చిందని రుజువు చేయబోతే ఏమవుతుందో చూడండి. మొదట వేసిన లెక్కలోని ఒకటిన్నర శాతం తేడాను గాలిలో కాలుస్తూ నమ్మకంగా పట్టుకోవాలంటే గణాంకశాస్త్రం ఒక్కో స్కోప్‌తో దాదాపు 19 వేల గుళ్లు అడుగుతుంది. గాలి సోకని చోట పరీక్షించి తేడాను ఐదు శాతానికి పెంచుకున్నా ఒక్కో స్కోప్‌తో 800 గుళ్లు కావాలి. .308 బ్యారెల్ పోటీకి పనికొచ్చేలా బతికేది మూడు నుంచి ఐదు వేల గుళ్లు. కొత్త స్కోప్ పాతదాని కంటే తేటగా చూపి పాయింట్లు పెంచిందో లేదో తేలేలోగా బ్యారెల్‌లో కనీసం మూడో వంతు అరిగిపోతుంది. గాలిలో తేల్చుకుందామనుకుంటే కనీసం ఏడెనిమిది బ్యారెళ్లు మార్చాలి. అదే పాత స్కోప్ క్రాస్‌హెయిర్ జారుతోందా లేదా అన్నది కొలిమేటర్ ముందు ఇరవై గుళ్లలో తేలిపోతుంది.